ఖాళీ గుల్లను బుల్లెట్ అనకండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన నెల మీ పత్రికలో ఓ మూల చిన్న వార్త చూశాను. అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడి బ్యాగులో ‘బుల్లెట్’ దొరికిందని శీర్షిక. పక్కనే అరచేతిలో పెట్టి తీసిన ఫొటో. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. మూతి దగ్గర నల్లగా మసి పట్టి ఉంది. అడుగున నడిమధ్య సూది పోటు పడిన గుంట స్పష్టంగా కనిపిస్తోంది. ఎప్పుడో ఎవరో కాల్చేసిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గుల్ల అది. వార్తలో మాత్రం మూడు చోట్ల ‘బుల్లెట్’ అని, ఒక చోట ‘తూటా’ అని, ఆఖర్న ‘పేలుడు పదార్థం’ అని రాశారు.

ఆ ప్రయాణికుడు ఎవరో నాకు తెలియదు. ఆ ఫొటోలో ఉన్న వస్తువుతో మాత్రం నాకు చాలా ఏళ్ల సావాసం. దానికి తప్పుడు పేరు పెడితే ఏం జరుగుతుందో రెండుసార్లు దగ్గరనుంచి చూశాను. ఆ రెండూ చెప్పాలనే ఈ ఉత్తరం. పొడుగైనందుకు మన్నించండి.

తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతికి బిగించిన గుండు. ఇంగ్లీషులో బుల్లెట్ అనేది ఆ గుండును మాత్రమే. ట్రిగ్గర్ నొక్కితే సూది వెళ్లి ప్రైమర్‌ను పొడుస్తుంది. ప్రైమర్ మందును అంటిస్తుంది. మందు గ్యాసుగా మారి గుండును గొట్టంలోంచి తోస్తుంది. గుండు ఎగిరిపోయి, మందు కాలిపోయి, ప్రైమర్ చచ్చిపోయాక చేతికి మిగిలేది ఇత్తడి ఒక్కటే. నాటు తుపాకీ ఎరిగిన మన పాతవాళ్లు మందు, గుండు అని వేరువేరు మాటలే వాడారు. వాళ్ల తుపాకీకి గుల్ల లేదు కాబట్టి దానికి మాట పుట్టలేదు. నేను గుల్ల అంటున్నాను. మీ డెస్కులో ఇంకా మంచి మాట తడితే అదే వాడండి.

మాది తణుకు దగ్గర అజ్జరం. గంటలకూ బిందెలకూ పేరుపడ్డ ఊరు. నాన్న కంచరి. నేను పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్ బాలానగర్‌లో డైలు, అంటే లోహాన్ని ఒత్తి రూపం తెచ్చే అచ్చులు, చేసే పని నేర్చుకుని, 1998లో టెక్సాస్ వచ్చాను. శాన్ ఆంటోనియోకి గంట దూరంలో ఒక మెషిన్ షాపులో ఇప్పటికీ అదే పని. ఈ చుట్టుపక్కల అడవి పందుల బెడద మన పల్నాడు రైతులకు చెబితే వెంటనే అర్థమవుతుంది. రాత్రికి రాత్రి మొక్కజొన్న చేను దున్నేసినట్టు చేసిపోతాయి. రైతులే పిలిచి కొట్టమంటారు. 2019 సెప్టెంబరు నుంచి ఇక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. నాకు 2006లో గ్రీన్‌కార్డు వచ్చింది. మరుసటి ఏడాది మొదటి తుపాకీ కొన్నాను. యుగోస్లావియాలో చేసిన ఎం48 మౌజర్. 8 మిల్లీమీటర్ల గుండు, 57 మిల్లీమీటర్ల గుల్ల.

దాని తూటాలు ఇక్కడి కొట్లలో దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అదే 30-06 అనే అమెరికా తూటా గుల్లలైతే తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజిలో కాళ్ల కింద దొర్లుతుంటాయి. ఈ రెండు గుల్లలకూ అడుగుభాగం వెడల్పు ఒకటే, 12 మిల్లీమీటర్లు. ఇది కాకతాళీయం కాదు. 1903లో అమెరికా సైన్యం తన కొత్త తుపాకీని మౌజర్ పద్ధతి చూసే చేసుకుంది, ఆ జర్మన్ కంపెనీకి రాయల్టీ కూడా కట్టింది. ఆ తుపాకీకి 1906లో కుదిరిన తూటాయే 30-06. దాని గుల్ల 63 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే 6 మిల్లీమీటర్లు కోసి, భుజాన్ని, అంటే గుల్ల ఒళ్లు సన్నబడి మెడగా మారే చోటును, కిందికి దించితే మౌజర్ గుల్ల తయారు. చెప్పడానికి ఒక్క వాక్యం. మొదటి ఇరవై గుల్లల్లో పదకొండు పాడుచేశాను.

ఎలా చేస్తానో కొంచెం చెప్పనివ్వండి. మీ పాఠకుల్లో లేతు మీద పనిచేసేవాళ్లు, ఇత్తడి పనివాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు ఇది తమ పనిలాగే కనిపిస్తుంది.

ముందు చచ్చిన ప్రైమర్ తీసేసి గుల్లను కడిగి ఆరబెడతాను. అమ్మోనియా కలిసిన పాలిష్ ఏదీ దగ్గరికి రానివ్వను. దీని వెనక మన దేశపు కథ ఒకటి ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో, వర్షాకాలం సైన్యానికి కదలిక లేనప్పుడు, తూటాల పెట్టెలను గుర్రపుసాలల్లో దాచేవారు. వానలు వెలిసి తీసి చూస్తే గుల్లలు నిలువునా పగిలి ఉండేవి. కారణం చాలాకాలం అంతుపట్టలేదు. ఆ ఋతువులోనే పగులుతాయి కాబట్టి దానికి ఋతువు పగులు అని అర్థం వచ్చే పేరు పెట్టి ఊరుకున్నారు. 1921లోగానీ సంగతి తేలలేదు. గుల్లను డైలో లాగి సాగదీసినప్పుడు ఇత్తడి లోపల బిగువు మిగిలిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ కలిసి ఆ బిగువు ఉన్న చోటే ఇత్తడిని కొరికేస్తాయి. విరుగుడు కూడా చూపారు: తయారైన గుల్లను కాస్త కాచి ఆ బిగువు దించడం. ఇప్పుడు ప్రపంచంలో లోహశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈ పాఠం చెబుతారు. అది మన వానల్లో, మన గడ్డ మీది గుర్రపుసాలల్లో పుట్టిన పాఠమని చదివిన రోజు నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

తరువాత కోత. చిన్న బిగింపులో గుల్లను నిలబెట్టి సన్నరంపంతో కొలతకన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంచి కోస్తాను. ఆ మిల్లీమీటరు ఆఖర్న తరిగేందుకు. ఆపైన గుల్ల ఒంటికి లానోలిన్ రాస్తాను, గొర్రె బొచ్చు నుంచి తీసే జిడ్డు. తక్కువ రాస్తే గుల్ల డైలో ఇరుక్కుని, అడుగు చిరిగిపోయేదాకా రాదు. ఎక్కువ రాస్తే ఆ జిడ్డుకు పోయే దారి లేక భుజం మీద సొట్ట పడుతుంది. రెండు వేళ్లతో ఒకసారి తడిమితే వేలిముద్ర మెరవాలి, జారకూడదు. ఈ లెక్క ఏ కొలబద్దా చెప్పదు, చేతికే తెలియాలి.

ప్రెస్ పిడి కిందికి వత్తినప్పుడు గుల్ల డైలోకి వెళ్తుంది. అప్పుడు పాత భుజం కొత్త మెడ అవుతుంది. అసలు తిరకాసు ఇక్కడే. భుజం దగ్గర ఇత్తడి మెడ దగ్గరకన్నా మందం. ఆ మందం అలాగే కొత్త మెడలోకి వస్తే, గుండు బిగించాక మెడ లావై తుపాకీ గదిలో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, బిగుసుకుపోతుంది. మందు అంటుకున్నప్పుడు మెడ విప్పారి గుండును వదలాలి కదా, విప్పారడానికి చోటు ఉండదు. ఒత్తిడి ఎక్కడికో పోతుంది. అందుకే ప్రతి గుల్ల మెడనూ మైక్రోమీటరుతో నాలుగు వైపులా కొలిచి, ఎక్కువ ఉన్న చోట చెక్కాలి. సైన్యానికి చేసిన గుల్లలకు ఒళ్లంతా మందమే, లోపలి చోటు తక్కువ. పుస్తకంలో రాసిన మందు కొలత వాటికి సరిపోదు, తగ్గించి మొదలుపెట్టాలి.

ఇన్ని దెబ్బలు తిన్నాక ఇత్తడి బిరుసెక్కుతుంది. ఇలాంటి గుల్లల ఇత్తడిలో వందకు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. చల్లగా ఉండగా ఎంత మలిస్తే అంత గట్టిపడుతుంది, ఆపైన పుటుక్కున పగులుతుంది. కాక చూపిస్తే మళ్లీ మెత్తబడుతుంది. నాన్న కొలిమి దగ్గర కూర్చుని అనేవాడు: “దెబ్బలు తిన్న ఇత్తడి అలుగుతుందిరా. కాస్త కాక చూపించి బుజ్జగిస్తే గానీ మాట వినదు.” నేను వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, గుల్లల్ని సగం మునిగేలా నిలబెట్టి, గదిలో దీపం తగ్గించి, మెడ దగ్గర మాత్రం గ్యాసు మంట తిప్పుతాను. 400 డిగ్రీల దగ్గర కరిగే రంగు ఒకటి దొరుకుతుంది, దాన్ని ముందే మెడ మీద గీతగా పూస్తాను. గీత కరగ్గానే గుల్లను నీళ్లలోకి పడదోస్తాను. మెడ ఎర్రగా వెలిగిందంటే మించిపోయినట్టే. నీళ్లలో వేస్తే ఇనుము గట్టిపడినట్టు ఇత్తడి గట్టిపడదు. కాక అడుగుదాకా పాకకుండా ఆపడానికే నీళ్లు. అడుగు మెత్తబడితే ఆ గుల్ల చావుతో సమానం. మందు అంటుకున్నప్పుడు చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లకు పైగా ఒత్తిడిని ఆ అడుగే కాయాలి, అదీ మన ముఖానికి జానెడు దూరంలో. నాన్న కొలిమిలో చూసి నేర్చిన రంగు పసిగట్టడం టెక్సాస్‌లో నా షెడ్డులో పనికొస్తుందని ఆయన ఊహించి ఉండడు. 2011లో పోయాడు. ఒక గుల్ల తీసుకెళ్లి చూపించాలని నాకు ఉండేది. పేరుకు అది వట్టి ఇత్తడే అయినా, విమానంలో తేకూడదని తేలేదు.

గుల్లను గదికి సరిపెట్టే ఇంకో పద్ధతీ ఉంది. పి.ఓ. ఆక్లే అనే తుపాకీ పనివాడి పేరుతో ఇక్కడ కొన్ని తూటాలు చెలామణిలో ఉన్నాయి. మామూలు తూటాను, వాటి కోసం కాస్త పెద్దగా తొలిచిన గదిలో పేలిస్తే గుల్ల ఉబ్బి కొత్త రూపానికి వస్తుంది. గుండు లేకుండా, కొంచెం మందు మీద గోధుమ రవ్వ పోసి పేల్చేవాళ్లూ ఉన్నారు. ఆ రవ్వ ఇక్కడివాళ్లు జావ కాచుకు తాగేది, మన బొంబాయి రవ్వ లాంటిదే. మా ఆవిడ ఉప్మాకు తెప్పించినదాన్ని ఆ పనికి నేనెప్పుడూ ముట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి గుల్ల అడుగునా దాని పేరు ముద్ర వేసి ఉంటుంది, చేసిన కంపెనీ పేరు, తూటా పేరు. నేను ఎంత కోసినా, ఎంత మలిచినా ఆ ముద్ర పోదు. నా మౌజర్ గుల్ల అడుగున ఈ రోజుకీ ‘30-06’ అనే ఉంటుంది. ఒంటికి ఒక పేరు, అడుగున ఇంకో పేరు.

2011లో 300 బ్లాకౌట్ అనే తూటాకు ఇక్కడి ప్రమాణాల సంస్థ ఆమోదం ఇచ్చింది. అందరి దగ్గరా ఉండే 223 గుల్లను, సైన్యం వాడే 5.56 కూడా దాదాపు అదే, భుజం కింద కోసి, 34.7 మిల్లీమీటర్లకు తెచ్చి, 5.7 మిల్లీమీటర్ల గుండు పట్టే మూతికి 7.8 మిల్లీమీటర్ల గుండు పట్టేలా మెడ చేస్తే బ్లాకౌట్ అవుతుంది. తుపాకీ అంతా అదే, గొట్టం ఒక్కటి మారిస్తే చాలు. తూటాలు పేర్చే మేగజీన్ కూడా అదే. సౌకర్యం కోసమే అలా చేశారు. ప్రమాదమూ ఆ సౌకర్యంలోనే ఉంది. 2013లో ఇక్కడ తూటాలకు కరువొచ్చింది. కొట్లలో అరలు ఖాళీ. ఆ రెండేళ్లలో నేను వందల కొద్దీ 223 గుల్లల్ని బ్లాకౌట్‌గా మార్చాను. పని బాగా కుదిరింది, గర్వంగా ఉండేది.

2017 నవంబరులో ఒక సాయంత్రం, తెలిసిన రైతు పొలంలో నేనూ, నా స్నేహితుడూ, ఇక్కడే పుట్టిన అతని కొడుకూ ఉన్నాం. అబ్బాయికి అప్పుడు 22 ఏళ్లు. వాడిది 5.56 తుపాకీ, నాది బ్లాకౌట్. నేను నా తూటాలు కొన్ని బల్ల మీద కాఫీ డబ్బాలో విడిగా పోసి పెట్టాను. పెట్టె మీద పేరు రాసేవాణ్ని, డబ్బా మీద రాయలేదు. చీకటి పడుతోంది. వాడి మేగజీన్‌లో రెండు తూటాలు తక్కువయ్యాయి. డబ్బాలోంచి రెండు తీసి, ఫోన్ లైటు వేసి అడుగు చూశాడు. ‘223’ అని ఉంది. జాగ్రత్తగా చూసే పెట్టాడు. “అంకుల్, ఇవి నావే కదా” అని అడిగాడు కూడా. నేను దూరంగా బైనాక్యులర్స్‌లో చూస్తూ, ఏమిటని వెనక్కి తిరక్కుండానే “ఆఁ” అన్నాను.

తూటాను గదిలోకి తోసి వెనక నుంచి మూసే బోల్టు మూసుకునేటప్పుడు లావు గుండు గదిలో ఇమడక గుల్ల లోపలికి వెనక్కి తోసుకుపోయింది. బోల్టు మూసుకుంది. వాడు కాల్చాడు. 7.8 మిల్లీమీటర్ల గుండు 5.7 మిల్లీమీటర్ల గొట్టంలో దూరదు. ఆ ఒత్తిడంతా వెనక్కి తిరిగింది. తుపాకీ పైభాగం ఉబ్బి చీలిపోయింది, మేగజీన్ అడుగు ఊడి కింద పడింది. వాడు పెట్టుకున్న రక్షణ కళ్లద్దాల వల్ల కళ్లు దక్కాయి. ఎడమ ముంజేతిలో మూడు ఇత్తడి పెంకులు దిగాయి, ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో నా స్నేహితుడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ పెంకుల్లో ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అడుగు ముక్క. ‘223’లో ‘22’ వరకు కనిపిస్తుంది. కుర్రాడు తప్పు చదవలేదు. దాని మీద ఉన్న పేరు తప్పు, ఆ తప్పు పేరుతో దాన్ని లోకంలో వదిలింది నేను. ఆ రాత్రే మిగిలిన బ్లాకౌట్ తూటాలన్నీ విప్పి గుండ్లు, మందు వేరుచేసి, గుల్లల్ని నలగ్గొట్టి తుక్కులో వేశాను. ఇప్పుడు బ్లాకౌట్‌కు సొంత పేరు ముద్ర ఉన్న గుల్లలే కొంటాను. మౌజర్ గుల్లలు మాత్రం ఇప్పటికీ 30-06 నుంచి చేసుకుంటాను. ప్రతిదాని అడుగునా ఎర్ర గోళ్లరంగు పూస్తాను, పెట్టె లోపలా పైనా రాస్తాను, విడిగా ఒక్క తూటా బల్ల మీద ఉండనివ్వను. 8 మిల్లీమీటర్ల తూటా 30-06 తుపాకీ గదిలో దూరగలదు, దూరితే అదే ప్రమాదం. అందుకని 30-06 తుపాకీని మా గుమ్మం లోపలికి రానివ్వను, ఎవరు తెచ్చినా సరే.

రెండో సంగతి మా మేనల్లుడిది. మూడేళ్ల కిందట పెళ్లిచూపులకని ఇండియా వెళ్తూ నా పాత వీపుసంచి అడిగి తీసుకున్నాడు. నేను లోపల అంతా దులిపే ఇచ్చాననుకున్నాను. పక్క జేబు అడుగున అస్తరు చిరుగులో ఒక ఖాళీ గుల్ల ఉండిపోయింది. అమెరికాలో ప్రైమర్ కాలిపోయిన ఖాళీ గుల్లను చేతిసంచిలో తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదు, కాబట్టి ఇక్కడ ఎవరూ ఆపలేదు. మన దేశంలో ఒక విమానాశ్రయంలో, దేశం లోపల తిరిగే విమానంలోకి మారేటప్పుడు, ఎక్స్‌రేలో దొరికింది. ఐదు గంటలు కూర్చోబెట్టారు. ఫోన్ చేస్తే వాడి గొంతు వణుకుతోంది: “మావయ్యా, అది ఏమిటో నువ్వే వీళ్లకు చెప్పు.” నేను చెప్పాను. అధికారులు విన్నారు, రాయించుకున్నారు, పంపేశారు. వాళ్ల పని వాళ్లు చేశారు, నాకు వాళ్ల మీద కోపం లేదు. మర్నాడు ఒక స్థానిక పత్రికలో ‘ఎన్నారై వద్ద బుల్లెట్’ అని వచ్చింది. ఊరు పేరు, వయసు, వాడు చేసే ఉద్యోగం అన్నీ వేశారు. వాట్సాప్‌లో అది సాయంత్రానికల్లా పెళ్లికూతురి వాళ్లింటికి చేరింది. వాళ్లు మర్యాదగానే, “ఇప్పుడు వద్దులెండి” అన్నారు. మా అక్క నాతో ఏడాదిపాటు సరిగా మాట్లాడలేదు.

చట్టం సంగతి నాకు తెలిసినంత చెబుతాను. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అనే మాటకు ఇచ్చిన అర్థంలో దాని విడిభాగాలూ చేరతాయి. అందుకని గుల్ల దొరికితే అధికారి అడగడం న్యాయమే. అదే చట్టం 45వ సెక్షన్, తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలను మినహాయించింది. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే అది కలిగి ఉండటం కిందికి వస్తుందని 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టానికే నిండు తూటాకూ గుల్లకూ తేడా తెలుసు, తెలిసి తెచ్చినవాడికీ తెలియక తెచ్చినవాడికీ తేడా తెలుసు. వార్తలో ఆ తేడా ఎందుకు పోవాలి?

ఇదంతా చదివి అక్కడ ఎవరైనా కుర్రాడు సరదాపడతాడేమోనని భయం కూడా ఉంది. నేను ఇక్కడ చేసేది ఇక్కడి చట్టం ఒప్పుకున్న పని, సొంత వాడకానికి మాత్రమే. అమ్మాలంటే ఇక్కడా ఫెడరల్ లైసెన్సు కావాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం, అందులో రెండో మాట లేదు.

మరొకటి, ఇది అమెరికా వస్తున్న మన పిల్లల తల్లిదండ్రులు ముఖ్యంగా చదవాలి. ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లు, హెచ్-1బి మీద పనిచేసేవాళ్లు ఇక్కడ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రూమ్మేటు దగ్గర ఉంది కదా అని ఫొటో కోసం చేతిలో పట్టుకోవడమూ చిక్కే. వీసా పోతుంది, కేసు మీద పడుతుంది. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఎనిమిదేళ్లు ఆగింది ఊరికే కాదు. మా దగ్గర వారాంతాల్లో కలిసే పిల్లలకు ఇది చెబితే సగంమంది మొదటిసారి విన్నట్టు చూస్తారు.

రేంజికి వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి: ఆ సంచి వేరు, ప్రయాణం సంచి వేరు. అప్పు ఇవ్వకండి, అడక్కండి. ప్యాంటు మడతల్లో, బూట్లలో, కారు సీటు కింద కూడా గుల్లలు దాక్కుంటాయి. నేను ఇప్పుడు ఇండియా వచ్చేముందు సంచిని బోర్లించి, అస్తరు బయటికి తిప్పి, అయస్కాంతం పనికిరాదు కాబట్టి వేళ్లతోనే ప్రతి కుట్టూ తడిమి చూస్తాను. ఇత్తడికి అయస్కాంతం అంటదని మరిచి మా మేనల్లుడి సంచిని అయస్కాంతంతోనే వెతికాను, కంచరి కొడుకునై ఉండి.

మిమ్మల్ని కోరేది ఇది. ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరి ఒక్క ప్రశ్న అడిగేలా చూడండి: దానికి గుండు ఉందా, అడుగున గుంట పడిందా? గుండు ఉండి గుంట లేకపోతే నిండు తూటా. గుండు లేక గుంట పడి ఉంటే ఖాళీ గుల్ల. ఫొటోలో ఎవరికైనా ఈ రెండూ కనిపిస్తాయి. నిండు తూటా అయితే నిండు తూటా అనే రాయండి, దాచమని నేను అడగను. గుల్ల అయితే గుల్ల అని రాయండి, శీర్షికలో కూడా. మనిషి పేరు, ఊరు మాత్రం పోలీసులు కేసు కట్టేదాకా ఆపండి. పోయిన నెల వేసిన ఆ ఫొటో మీ దగ్గరే ఉంటుంది. దాన్ని మరోసారి పెద్దది చేసి చూసి, అది ఖాళీ గుల్ల అని ఒక సవరణ వేస్తే, ఆ ప్రయాణికుడి ఇంట్లోవాళ్లు దాన్ని కత్తిరించి దాచుకుంటారు. మా అక్క దాచుకోవడానికి మాకు అలాంటిది దొరకలేదు.

ఇట్లు,
అజ్జరం నుంచి వచ్చిన ఒక పాఠకుడు,
శాన్ ఆంటోనియో దగ్గర, టెక్సాస్